నీళ్ల గంట, తాళం కప్ప

కరోనా తర్వాత బడులు మళ్లీ పూర్తిగా తెరుచుకున్న ఏడాది జూన్ నెలలో నన్ను శేరిలింగంపల్లి వైపు ఒక పట్టణ ఆరోగ్య కేంద్రానికి వైద్యాధికారిగా బదిలీ చేశారు. రిటైర్మెంటుకు ఎక్కువ కాలం లేదు. నల్లగండ్లలో మా ఇంటికి దగ్గర కదా అని సంతోషించాను. చేరిన వారంలోనే మరో ఉత్తర్వు చేతికొచ్చింది. చుట్టుపక్కల ప్రభుత్వ పాఠశాలల ఆరోగ్య కార్యక్రమం అదనపు బాధ్యతగా నాకే అప్పగించారు. అదనపు బాధ్యత అంటే ఏమిటో ప్రభుత్వంలో పనిచేసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. చెయ్యనివాళ్ల కోసం చెప్తున్నాను: పని రెండింతలవుతుంది, మనుషులు మాత్రం పాతవాళ్లే.

నాతో ఒక ఏఎన్ఎం, ఒక ఫార్మసిస్టు ఉండేవారు. ఏఎన్ఎం అంటే ఊళ్లలో నర్సమ్మ అంటారే, ఆవిడ. మా నర్సమ్మ పేరు సుజాత. బడికి వెళ్లి పిల్లల ఎత్తు, బరువు చూడాలి. కంటి రెప్ప కిందికి లాగి రక్తహీనత ఉందేమో చూడాలి. పళ్లు, చూపు, చర్మం, గుండె పరీక్షించి, తేడా ఉన్నవాళ్లను పెద్దాసుపత్రికి పంపాలి. ఆ ఏడాది ఉపాధ్యాయులకు కూడా బీపీ, షుగరు, రక్తపరీక్షలు చెయ్యమన్నారు. పిల్లలు నోరు తెరవమంటే తెరుస్తారు. పంతుళ్లను కుర్చీలో కూర్చోబెట్టి చెయ్యి చాపించడానికే మాకు తలప్రాణం తోకకొచ్చేది.

నేను చెప్పబోయేది కొండాపూర్ లోపలి వీధుల్లో ఉన్న ఒక ఉన్నత పాఠశాల సంగతి. దాని ఆవరణలో నిలబడితే మూడు వైపులా అద్దాల మేడలు కనిపిస్తాయి. ఆ మేడలకు కాపలా ఉండేవాళ్లు, వాటిలో పనిచేసేవాళ్ల ఇళ్లలో అంట్లు తోమేవాళ్లు, వాళ్లను తిప్పే ఆటోల డ్రైవర్లు తమ పిల్లల్ని ఈ బడికి పంపిస్తారు. ప్రధానోపాధ్యాయురాలు అనసూయ గారు చేవెళ్ల వైపు మనిషి. గెజిటెడ్ హోదా, ఇస్త్రీ నలగని చీర, గంట కొట్టకముందే గేటు దగ్గర హాజరు. ఆవిడ నడుస్తుంటే పిల్లలే కాదు, ఉపాధ్యాయులు కూడా చొక్కా సర్దుకునేవారు. నాకు ఆవిడంటే మొదటి రోజునుంచీ గౌరవమే. తర్వాత కోపమూ వచ్చింది, గౌరవం మాత్రం పోలేదు.

పై తరగతుల ఆడపిల్లల్లో మధ్యాహ్నమయ్యేసరికి తలనొప్పి, పొత్తికడుపులో నొప్పి, మూత్రంలో మంట ఎక్కువగా ఉండేవి. ఈ మూడోది నాకు చెప్పేవారు కాదు. సుజాత చెవిలో చెప్తే, ఆవిడ నాకు చెప్పేది. వాళ్లలో తొమ్మిదో తరగతి చదివే శిరీష అనే పిల్ల చలిజ్వరంతో మా కేంద్రానికి పదేపదే వచ్చేది. మందులిస్తే తగ్గుతుంది, కొన్నాళ్లకు మళ్లీ వస్తుంది. నాకు అనుమానమొచ్చి పెద్దాసుపత్రికి పంపి స్కానింగు చేయించాను. కుడి కిడ్నీ ముడుచుకుపోయి ఉంది. మూత్రం కిందికి పోకుండా వెనక్కి తన్నే లోపం పుట్టుకతోనే ఉండి, ఇన్ఫెక్షన్లు మళ్లీ మళ్లీ సోకి అది పాడైంది. ఎడమది బాగుంది. ఇక ఆ పిల్ల బతుకంతా ఆ ఒక్క కిడ్నీ మీదే. కిడ్నీ డాక్టరు మందు రాసి, అంతకంటే ముఖ్యమైనవి రెండు చెప్పాడు. పగలంతా నీళ్లు తాగుతూ ఉండాలి. మూత్రం ఎప్పుడూ ఆపుకోకూడదు.

శిరీష తల్లి బాలమణి గేటెడ్ కమ్యూనిటీలో పనిచేస్తుంది. విషయం విని, "ఉన్న ఒక్కటన్న నిలుస్తదా అమ్మా?" అని అడిగింది. జాగ్రత్తగా ఉంటే నిలుస్తుందని చెప్పాను. చెప్పినంత తేలిక కాదని నాకు అప్పటికి తెలియదు.

అదే రోజుల్లో బడుల్లో నీళ్ల గంట మొదలైంది. రోజులో కొన్నిసార్లు గంట కొట్టాలి, కొట్టగానే పిల్లలందరూ సీసా తీసి నీళ్లు తాగాలి. ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ స్టీలు సీసాలు పంచిపెట్టింది. అనసూయ గారు ఏ పని చేసినా పకడ్బందీగా చేస్తారు. గంట కొట్టగానే ఆడపిల్లలు ఒకవైపు, మగపిల్లలు ఒకవైపు వరండాలో నిలబడి సీసాలెత్తేవారు. చూడ్డానికి ముచ్చటగా ఉండేది. కానీ ఆడపిల్లల తలనొప్పులు తగ్గలేదు. శిరీషకు మళ్లీ ఇన్ఫెక్షన్ వచ్చింది. నేను ఆ పిల్లను గట్టిగానే అడిగాను. తాగుతున్న మేడమ్ అంది, కాలి బొటనవేలు చూసుకుంటూ.

ఒక రోజు సుజాత నన్ను గంట వేళకు రమ్మని, స్తంభం పక్కన నిలబెట్టింది. ఆడపిల్లలు సీసా ఎత్తారు. బుగ్గలు నిండాయి. గొంతులు మాత్రం కదల్లేదు. వరండా చివరికి నడిచి, గోడ పక్క మొక్కల్లో ఉమ్మేసి వచ్చారు. ఆ కానుగ మొక్కలు ఏపుగా పెరగడం నేను అంతకుముందే గమనించాను. ఎవరో శ్రద్ధగా నీళ్లు పోస్తున్నారని మెచ్చుకున్నాను కూడా.

ఈసారి కోప్పడకుండా శిరీషను పక్కకు పిలిచి అడిగాను. "తాగితే యాడికి పోవాలె మేడమ్?" అంది.

వెళ్లి చూశాను. ఆడపిల్లల పాత మరుగుదొడ్డి తలుపులకు గడియల్లేవు. పైరేకులు గాలికి ఎగిరిపోయాయి. వెనకే కొత్తగా లేచిన మగవాళ్ల హాస్టల్ బాల్కనీలు సరిగ్గా దాని మీదికి తెరుచుకుని ఉన్నాయి. అక్కడ కుర్రాళ్లు బట్టలారేసుకుంటూ, ఫోన్లు మాట్లాడుకుంటూ నిలబడతారు. ఏ ఆడపిల్ల పోతుంది? దానికి కాస్త దూరంలో కొత్త మరుగుదొడ్లు ఉన్నాయి. సీసాలిచ్చిన కంపెనీయే ఆడపిల్లల కోసం కట్టించింది. తెల్లటి టైల్సు, అద్దం, చేతులు కడుక్కునే సింకు. తలుపుకి పెద్ద తాళం కప్ప.

నాకు ఒళ్లు మండిపోయింది. నేరుగా అనసూయ గారి గదికి వెళ్లి అడిగాను. ఆవిడ తడబడలేదు. బడికి శుభ్రం చేసే మనిషి లేడు, ఉన్న పోస్టు ఎప్పుడో పోయింది. పిల్లలచేత కడిగించకూడదని నిబంధన. తెరిస్తే వారంలో పాడవుతుంది. కంపెనీవాళ్లు వచ్చి చూసి, ఫోటోలు తీసుకుని, బాగుందనుకుంటే రెండో విడతలో సైన్సు ల్యాబు కట్టిస్తామన్నారు. ఆ బడిలో పదో తరగతి పిల్లలు పరీక్షనాళికను పుస్తకంలో బొమ్మగా చూడటమే. అనసూయ గారు సైన్సు చెప్పి పైకొచ్చిన మనిషి. పదవిలో ఉండగా ఆ ల్యాబు ఒక్కటి చూడాలని ఆవిడ ఆశ.

ఆ తర్వాత ఆవిడ అన్న మాట ఇంకా నా చెవిలో ఉంది. "నా సర్వీసంతట్ల బడి టైంల ఒక్కసారి గూడ పోలేదు డాక్టరమ్మా. అలవాటు చేసుకోవాలె. పిల్లలకు గూడ అదే చెప్త." అది గొప్ప కోసం కాదు, క్రమశిక్షణగానే చెప్పారు. పక్కనున్న లెక్కల టీచరు మణికొండ నుంచి వస్తారు, మా కోస్తావైపు మనిషి. "నేనైతే పొద్దున కాఫీ కూడా మానేశానండీ, గొడవుండదు" అన్నారు. టీచర్లకు ఉన్న బాత్రూం ఒక్కటే. మగ ఉపాధ్యాయులు కూర్చునే గదిలోంచే దానికి వెళ్లాలి. అందుకని ఆడ టీచర్లెవరూ వెళ్లరు, వెళ్లాల్సిన అవసరం రాకుండా నీళ్లూ తాగరు. ఉద్యోగం చేసే మా తరం ఆడవాళ్లం చాలామందిమి ఇలాగే బతికాం. దాన్ని ఓర్పు అనుకున్నాం.

శిరీష రిపోర్టు చూపించాను. ఆవిడ మెత్తబడి, ఆ పిల్ల ఎప్పుడడిగినా తాళంచెవి ఇస్తానన్నారు. ఆ తాళంచెవి ఆవిడ గదిలో కుర్చీ వెనక మేకుకి వేలాడుతుంది. శిరీష దాన్ని ఒక్కసారీ అడగలేదు. "సార్లుంటరు మేడమ్. అందరికీ తెలుస్తది" అంది. తొమ్మిదో తరగతి ఆడపిల్లకు ఆ నాలుగడుగులు ఎంత దూరమో నాకు తెలుసు కాబట్టి బలవంతపెట్టలేదు.

శిరీషకు మళ్లీ జ్వరం వచ్చినప్పుడు బాలమణి పని మానుకుని బడికి వచ్చింది. నేనూ ఉన్నాను. ఆమె గొంతు పెంచలేదు. "ఎవలెవలియో బాత్రూంలు కడుగుత మేడమ్. తళతళ మెరిసేటట్టు కడుగుత. నా బిడ్డకు ఒక్కటి తెరవరాదా?" అంది. అనసూయ గారి మొహం పాలిపోయింది. చూస్తాను అన్నారు. తాళం మాత్రం ఉండిపోయింది.

ఉపాధ్యాయుల ఆరోగ్య పరీక్షల నుంచి అనసూయ గారు రెండుసార్లు తప్పించుకున్నారు. ఒకసారి మీటింగు, ఒకసారి తనిఖీ. పెద్దలు ముందు రాకపోతే మిగతావాళ్లు రారని పట్టుబట్టి కూర్చోబెట్టాను. బీపీ బాగా ఎక్కువగా ఉంది. రక్తంలో క్రియాటినిన్ ఉండాల్సినదానికంటే చాలా ఎక్కువగా ఉంది. కిడ్నీలు ఎంత పనిచేస్తున్నాయో చెప్పే పరీక్ష అది. మళ్లీ చేయించాను. స్కానింగూ చేయించాను. రెండు కిడ్నీలూ చాలావరకు దెబ్బతిన్నాయి.

సాయంత్రం బడి వదిలాక ఆవిడ గదిలో ఒంటరిగా చెప్పాను. ఆవిడ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

"నీళ్లు తాగక అయ్యిందా?"

అబద్ధం చెప్పదలచుకోలేదు. కేవలం దానివల్లే అని ఏ డాక్టరూ చెప్పలేడు, ఏళ్లుగా చూపించుకోని బీపీ ఉంది, మధ్యమధ్య వచ్చిన ఇన్ఫెక్షన్లను మాత్ర వేసుకుని నెట్టుకొచ్చారు, ఆపుకోవడం వాటిని పెంచి ఉంటుంది అన్నాను. తన గురించి అడుగుతారనుకున్నాను.

"మరి ఆ పోరికి?"

"ఆ పిల్లకు ఉన్నది ఒక్కటేనండీ" అన్నాను.

మర్నాడు రక్తపరీక్షలు మిగిలినవాళ్ల కోసం పొద్దున్నే బడికి వెళ్లాను. ప్రార్థన అయ్యాక నీళ్ల గంట కొట్టారు. అనసూయ గారు వేదిక మీద నిలబడి ఒక స్టీలు సీసా మూత తీశారు. ఆవిడ బడిలో నీళ్లు తాగడం ఎవరూ ఎన్నడూ చూడలేదు. ఎత్తిన సీసా దించకుండా తాగారు. మైకు దగ్గరికి వచ్చి, "ఆపుకోవాలె అని మీకు ఇన్నేండ్లు చెప్పిన. నేను చెప్పింది తప్పు. తాగున్రి. తాగి పోవాలె" అన్నారు. మగ ఉపాధ్యాయులు నేల చూపులు చూశారు.

ఆవిడ వేదిక దిగారు. తాళంచెవి చేతిలోనే ఉంది. బడి మొత్తం చూస్తుండగా మైదానం దాటి వెళ్లి, కొత్త మరుగుదొడ్డి తాళం తీసి లోపలికి వెళ్లారు. కాసేపటికి బయటికి వచ్చి, చేతులు కొంగుకు తుడుచుకుని, తాళం కప్పను హ్యాండ్‌బ్యాగులో వేసుకున్నారు. అక్కడే నిలబడ్డారు. ముందుగా లెక్కల టీచరు కదిలారు. ఆవిడ వెనక ఇద్దరు పిల్లలు, తర్వాత పెద్ద వరుస. ఆ వరుసలో శిరీష ఎక్కడుందో నేను వెతకలేదు. ఎవరూ ప్రత్యేకంగా చూడలేదు. ఆ పిల్లకు కావలసింది అదే. నాకు కళ్లనిండా నీళ్లొచ్చాయి, పక్కనున్న సుజాత అటు తిరిగి నిలబడింది.

శుభ్రం సంగతి మాటలతో అయ్యేది కాదు. అనసూయ గారు విద్యాధికారికి లేఖలు రాశారు, పురపాలకం ఆఫీసు చుట్టూ తిరిగారు. మనిషి వచ్చేదాకా బ్లీచింగ్ పౌడరు, చీపురు పట్టుకుని సాయంత్రాలు తనే కడిగారు. లెక్కల టీచరూ సాయపడ్డారు. మొదట నవ్వుకున్న మగ ఉపాధ్యాయుల్లో ఒకాయన తర్వాత బకెట్లు మోయడం నేను చూశాను.

కంపెనీవాళ్లు వచ్చిన రోజున నేను లేను, సుజాత చెప్పింది. మెడలో ఐడీ కార్డు వేసుకున్న ఒక అమ్మాయి లోపలికి వెళ్లి చూసి వచ్చిందట. నేల తడిగా ఉంది, అద్దం మీద చేతి మరకలున్నాయి, ఒక పంపు కారుతోంది. పోయినసారి ఎంతో నీట్‌గా ఉండేది కదా అందట. "పోయినసారి ఎవ్వరూ వాడలే మేడమ్. ఇప్పుడు వాడుతున్నరు" అన్నారట అనసూయ గారు. ఫోటోలు తీసుకోలేదు. రెండో విడత ల్యాబు మరో బడికి వెళ్లింది.

ఆవిడ ల్యాబు చూడకుండానే రిటైరయ్యారు. ఇప్పుడు డయాలిసిస్ మీద ఉన్నారు. నేను కూడా రిటైరయ్యాక అప్పుడప్పుడు వెళ్లి పక్కన కూర్చుంటాను. వెళ్లగానే ఆవిడ అడిగేది తన రిపోర్టు గురించి కాదు, శిరీష రిపోర్టు గురించి. ఇంటర్ పూర్తి చేసిన శిరీషకు ఎడమ కిడ్నీ ఇప్పటికి బాగానే ఉంది. బాగుందని నేను చెప్తాను. ఆవిడ కళ్లు మూసుకుంటారు.

ఈ ఉద్యోగంలో నేను నేర్చుకున్నది పెద్దదేమీ కాదు. నీళ్లు తాగమని చెప్పే ఉత్తర్వులో, తాగాక ఎక్కడికి వెళ్లాలో లేదు. పెద్దవాళ్లు చెయ్యలేని పని పిల్లలచేత చేయించలేం. పిల్లలు మన మాట వినడం కంటే మన గొంతు కదులుతోందో లేదో ఎక్కువగా చూస్తారు. నా స్థానంలో వచ్చిన యువ డాక్టరుకు బాధ్యతలు అప్పగించేటప్పుడు ఒక్కటే చెప్పాను. బడికి వెళ్తే తూకం మిషను దించే ముందు మరుగుదొడ్డి తలుపు నెట్టి చూడండి. అది తెరుచుకుంటేనే నీళ్ల గంట కొట్టమనండి.