తువ్వాలు కింద బేరం

జగ్గారావుకి ఎవరి మీదా ఒక పట్టాన నమ్మకం కుదరదు. పాలవాడు చెంబు వంచుతుంటే వాడి బొటనవేలు ఎక్కడుందో చూస్తాడు. కుర్రతనంలో పదేళ్ళు పశువుల సంతల్లో దళారీగా తిరిగినవాడు మరి! ఇప్పుడు పలివెలలో అరెకరం కొబ్బరితోట చూసుకుంటున్నా, ఆ చూపు మాత్రం పోలేదు.

తుపానుకి చెట్లన్నీ పడిపోయిన మరుసటేడు, అంటే తొంభై ఏడులో, ఆయన చెల్లెలు వెంకటదుర్గ గాజులు అమ్మి ఎనిమిది వేలు కూడదీసింది. ఉన్న ఒక్క గేదే తుపానులో పోయింది. పాలు అమ్మితే తప్ప ఇల్లు గడవదు. ఆ డబ్బు పట్టుకుని ఆమె మొగుడు శివనాగరాజు గేదెని కొనడానికి పొద్దున్నే సంతకెళ్ళాడు. సాయం వెళ్ళమని చెల్లెలు చెబితే జగ్గారావు వెనకాలే బయల్దేరాడు గానీ, సైకిలు పంచరై గంట ఆలస్యమైంది.

వెళ్ళేసరికి శివనాగరాజు టీ పాకలో మూడు ముక్కలాటకి కూర్చుని ఉన్నాడు. పందేనికి హద్దు లేదు, ఎంత పెడితే అంత. ఎదురుగా చిన్నబ్బాయి, బుచ్చిరాజు అనేవాళ్ళు. ఇద్దరూ సంత దళారులే.

"ఎంత పోయింది బావా?"

"అయిదండి."

"వందలా?"

"వేలండి," అన్నాడు శివనాగరాజు తల దించుకుని. మిగిలిన మూడు వేలకి దూడ కూడా రాదు.

"లేవరాదూ?"

"ఇంకో రెండాటల్లో రాబట్టేస్తానండి."

లాగితే వచ్చేలా లేడు. జగ్గారావు తనూ ఆటకి కూర్చున్నాడు.

"ముక్కలు బాగోకపోతే పడేసెయ్యి బావా. పదాటల్లో ఎనిమిది పడేసేవోడే మిగుల్తాడు. పోయినదాని కోసం ఆడకు. నీ ముక్కలు ఒక్కసారి చూసుకుంటే చాలు, ఆ తర్వాత ఎదుటోళ్ళ చేతులు చూడు."

"ఆయ్, ముక్కలకి కూడా పళ్ళు చూసి కొనేలా ఉన్నారండీ!" అని నవ్వాడు చిన్నబ్బాయి.

జగ్గారావు వరసగా అయిదాటలు పడేశాడు. చూపంతా వాళ్ళ మీదే. ఇద్దరూ భుజం భుజం ఆనించి కూర్చున్నారు. ఇద్దరి మోకాళ్ళ మీదా ఒకటే తువ్వాలు. ముక్కలు పంచగానే బుచ్చిరాజు కుడిచెయ్యి ఆ తువ్వాలు కిందకి పోతోంది. వెంటనే ఇద్దరిలో ఒకడు పడేస్తాడు, లేదా ఇద్దరూ కలిసి పందెం పెంచేస్తారు. మధ్యలో శివనాగరాజు జత చేతిలో ఉన్నా బెదిరిపోయి పడేస్తున్నాడు.

సంతలో బేరం పక్కవాడికి తెలియకూడదని తువ్వాలు కింద వేళ్ళు పట్టుకుని మాట్లాడుకుంటారు. ఎన్ని వేళ్ళు నొక్కితే అన్ని వేలు. ఆ వేళ్ళతోనే జగ్గారావు పదేళ్ళు అన్నం తిన్నాడు.

అరిచి లాభం లేదు. లేదని బుకాయిస్తారు, డబ్బూ రాదు, బావ నలుగురిలో నవ్వులపాలవుతాడు.

"కాస్త జరగండి బుచ్చిరాజుగారూ, అక్కడ ఎండ కొడతంది," అంటూ వాళ్ళిద్దరి మధ్యా ఇరుక్కున్నాడు. చెయ్యి తువ్వాలు కిందకి పోనిచ్చి చిన్నబ్బాయి వేళ్ళు అయిదూ కలిపి నొక్కాడు.

చిన్నబ్బాయి నవ్వు ఆగిపోయింది. జవాబుగా రెండు వేళ్ళు నొక్కాడు.

జగ్గారావు మళ్ళీ అయిదూ నొక్కి, పైకి చల్లగా అడిగాడు. "ఈ పాకలో మీ దగ్గర గేదెల్ని కొన్నోళ్ళు ఎంతమందుంటారండీ?"

"ఓ పదిమంది ఉంటారండి. ఏం?"

"ఏం లేదు. వాళ్ళ బేరాల్లో తువ్వాలు కింద ఏం జరిగిందో కాస్త చెబుదామని."

నాలుగు వేళ్ళు వచ్చాయి. జగ్గారావు గట్టిగా పట్టుకుని వదిలాడు.

ఆ తర్వాత మూడాటల్లో దళారులిద్దరూ పందెం పెంచడం, చివర్లో ముక్కలు పడేయడం. శివనాగరాజు బెదిరి పడేయబోతే జగ్గారావు కళ్ళతోనే ఆపాడు. నాలుగు వేలు శివనాగరాజు ముందుకి వచ్చి పడ్డాయి. జగ్గారావు బావ రెక్క పట్టుకుని లేవదీశాడు.

"చూశారా బావగారూ, ఓపిక పట్టేను!" అన్నాడు శివనాగరాజు ఛాతీ విరుచుకుని. "వచ్చే సంతకి ఆ వెయ్యి కూడా లాగేస్తాను."

చెప్పకుండా ఊరుకుందామనే అనుకున్నాడు జగ్గారావు. ఆ మాటతో నడక ఆపాడు. "ఇలా చెయ్యియ్యి," అని తన కండువా కప్పి, నాలుగు వేళ్ళు నొక్కి, జరిగిందంతా చెప్పాడు.

శివనాగరాజు మొహం మాడిపోయింది. నాలుగడుగులు వేశాక నెమ్మదిగా అడిగాడు.

"మరి ఆ వెయ్యీ... మీరూ వాళ్ళూ పంచుకోలేదు కదండీ?"

జగ్గారావుకి కోపం రాలేదు.

"ఈ అనుమానం పొద్దున్న కూచునేటప్పుడు రావాల్సింది బావా," అని చొక్కా జేబులు రెండూ తిరగేసి చూపించి, గేదెలు కట్టిన వైపు నడిచాడు. ఏడు వేలలో పాలిచ్చేది దొరుకుతుందో లేదో అనుకుంటూ శివనాగరాజు వెనకాలే వెళ్ళాడు.