ప్లాస్టిక్ తొడిగిన డిగ్రీ

మా బిల్డింగులో మూడో అంతస్తు లెక్కల టీచరమ్మ తన డిగ్రీ సర్టిఫికెట్‌ను తానే తగలబెట్టిందనీ, అది దొంగది కాబట్టి వీసా వాళ్ళు పట్టుకోకముందే బూడిద చేసిందనీ ఒక మాట తిరుగుతోంది. మా లిఫ్టులో పుట్టిన మాట స్కూలు బస్సు దాకా వెళ్ళింది. నిప్పు లేనిదే పొగ రాదు కదా అంటున్నారు. నిజమే, పొగ వచ్చింది. ఆ పొగ పక్కనే నేను నిలబడి ఉన్నాను. కాలిన కాగితం ఎవరిదో నాకు తెలుసు. అందుకే ఇది రాస్తున్నాను. నా చదువు అయిదో తరగతి. తప్పులుంటే దిద్దుకుని చదవండి, విషయాన్ని మాత్రం దిద్దకండి.

మేము ఈ దేశం వచ్చి ముప్ఫై ఏళ్ళు దాటింది. కింది అంతస్తులో మెట్ల పక్క ఇల్లు మాది. ఎవరు ఏ సంచితో వచ్చారో, ఏ మొహంతో వెళ్ళారో నా కిటికీ దాటి పోదు. పిల్లలు నాకు చెకింగు అమ్మమ్మ అని పేరు పెట్టారు. పెట్టుకోనీ. టీచరమ్మ మన దేశం నుంచి ఇక్కడి స్కూలుకు వచ్చి ఆరేళ్ళయింది. భర్త పోయాడు. ఒక్కతే కూతురు, పదో తరగతి. పొద్దున ఆరుంబావుకల్లా ఆమె మెట్లు దిగుతుంది. భుజాన సంచి, చంకలో దిద్దిన నోటు పుస్తకాలు, నోట్లో క్లిప్పు. నడుస్తూనే జుట్టు ముడి వేసుకుని, గేటు దాటేసరికి ఆ క్లిప్పు తగిలించుకుంటుంది. ఆరేళ్ళలో ఒక్కరోజు కూడా ఆగి నిలబడి మాట్లాడింది లేదు. అలాంటి మనిషి ఒక మధ్యాహ్నం మా మెట్ల మీద కూలబడింది.

దానికి ముందు మూడు రోజులుగా ఒకే నీలం ఫైలు పట్టుకుని వెళ్తోంది, అదే ఫైలు పట్టుకుని వస్తోంది. నాకు ఊరుకోబుద్ధి కాలేదు. ఏమిటమ్మాయ్, ఆ ఫైలును ఊరేగిస్తున్నావు, అని అడ్డం నిలబడ్డాను. అప్పుడే మెట్ల మీద కూలబడి చెప్పింది.

బయటి దేశం నుంచి వచ్చి ఇక్కడ పాఠాలు చెప్పేవాళ్ళు రెండేళ్ళకోసారి వీసా కొత్తది చేయించుకోవాలి. దానికి కావలసిన కాగితాలు వింటే తల తిరుగుతుంది. ఆరు నెలలకు తగ్గకుండా గడువున్న పాస్‌పోర్టు, తెల్ల గోడ ముందు నవ్వకుండా తీయించుకున్న ఫొటోలు, ఇంటి అద్దె ఒప్పందం, స్కూలు వాళ్ళ ఉత్తరం, రక్తం ఇచ్చి తెచ్చుకున్న ఆరోగ్యం కాగితం, ఈమె మీద కేసులేమీ లేవని పుట్టినచోటి పోలీసులు ఇచ్చిన కాగితం. పోలీసు కాగితానికి మూడు నెలలే ఆయుష్షు, రక్తం కాగితానికి నెలే. ఒకటి తెచ్చేలోపు ఇంకొకటి చచ్చిపోతుంది. ఆమె అన్నీ సర్దుకుంది. లెక్కల మనిషి కదా, ఏ కాగితం ఎప్పుడు తేవాలో గోడ మీద గీసి పెట్టుకుంది.

ఈసారి కొత్త రూలొకటి వచ్చింది. ఇంతకుముందు డిగ్రీ జిరాక్సు ఇస్తే సరిపోయేది. ఇప్పుడు అసలు సర్టిఫికెట్ వెనకవైపు ఇక్కడున్న మన దేశపు ఆఫీసు వాళ్ళ ముద్ర ఉండాలి. ఆమె తీసుకెళ్ళింది. కిటికీ అవతలి ఆయన దాన్ని గోటితో టకటకమని కొట్టి వెనక్కి తోసేశాడట. ప్లాస్టిక్ మీద సిరా నిలవదు, తీసి తీసుకురండి, చిరిగినా అక్షరం చెరిగినా చెల్లదు అన్నాడట.

మనవాళ్ళకు కాగితం మీద ప్రేమ పుట్టిందంటే మొదట చేసే పని దానికి ప్లాస్టిక్ తొడిగించడం. టీచరమ్మ డిగ్రీ చేతికి వచ్చిన రోజే కాలేజీ గేటు ఎదురుగా ఉన్న జిరాక్సు కొట్టులో లామినేషన్ చేయించి, ఇంకా వెచ్చగా ఉండగానే గుండెలకు హత్తుకుని ఇంటికి వెళ్ళిందట. ఆమెను అనేదేముంది? నేను అయిదో తరగతి పాసైన కాగితానికే తొడిగించాను. మా ఆయన కరెంటు మీటరు కార్డుకు కూడా తొడిగించాడు.

ఇంకో సర్టిఫికెట్ ఇమ్మని యూనివర్సిటీకి రాసింది. మూడున్నర నెలలు పడుతుంది, ముందు పోయిందని పోలీసు కంప్లైంటు తెమ్మన్నారు. పోలేదండీ, నా దగ్గరే ఉంది అంది. ఉంటే మళ్ళీ ఎందుకు అన్నారు.

వీసా గడువు నెలాఖరుకు. చేతిలో ఉన్నవి పంతొమ్మిది రోజులు. గడువు దాటితే తల్లీ కూతుళ్ళిద్దరూ దేశం వదలాలి, ఎందుకంటే కూతురి వీసా తల్లి వీసాకు వేలాడుతుంది. ఆ పిల్లకు వచ్చే నెల ఎనిమిదో తేదీ నుంచి పదో తరగతి పరీక్షలు. హాలు టికెట్టు మీద ఉండేది ఇక్కడి వీసా కార్డు నంబరే. కార్డు పోతే హాలు టికెట్టు పోతుంది, హాలు టికెట్టు పోతే పిల్లకు ఏడాది పోతుంది.

ఇదంతా చెప్పి, ఆ సర్టిఫికెట్ ముందు కత్తి పట్టుకుని రెండు రాత్రులు కూర్చున్నాను, చెయ్యి రాలేదు పిన్నిగారూ, అంది.

నాకు వెంటనే ఇస్త్రీ తమ్ముడు గుర్తొచ్చాడు. మా బిల్డింగు మూల బట్టల ఇస్త్రీ దుకాణం వాడిదే, వాడూ మనవాడే. పిల్లల చొక్కాల మీద అంటుకుపోయిన రబ్బరు బొమ్మల్ని చొక్కా కమలకుండా ఊడదీసే మొనగాడు. పిలిపించి చూపించాను. వాడు సర్టిఫికెట్‌ను అటూ ఇటూ వంచి చూశాడు. బట్ట వేరు, కాగితం వేరు అక్కా, అన్నాడు. ముద్ర పడాల్సింది వెనకే కాబట్టి వెనక పొర ఒక్కటి లేపితే చాలు, కానీ నా ఇస్త్రీ పెట్టెకు ఎంత వేడి పెట్టాలో నాకే తెలియదు, ముందు ఇలాంటి పాత కాగితం ఇంకొకటి దొరికితే దాని మీద చూద్దాం, అన్నాడు.

పాతకాలపు లామినేషన్ కాగితం మా ఇంట్లో ఉంది మరి. బీరువా తెరిచి నా అయిదో తరగతి కాగితం పట్టుకొచ్చాను. ఎందుకులే పిన్నిగారూ అని టీచరమ్మ అడ్డుపడింది. ఊరుకో, ఇప్పుడు నాకెవరు ఉద్యోగం ఇస్తారు గనక, అన్నాను.

సెలవు రోజు మధ్యాహ్నం, దుకాణం మూసి ఉండే వేళ, వాడు తన ఇస్త్రీ పెట్టె తీసుకుని మూడో అంతస్తుకు వచ్చాడు. భోజనాల బల్ల మీద దుప్పటి నాలుగు మడతలు వేశారు. దాని మీద తువ్వాలు, తువ్వాలు మీద నా కాగితం. అంచులు బ్లేడుతో కోశాడు, పైన పలచటి గుడ్డ వేసి పెట్టె ఆనించాడు. ఒకటి, రెండు, మూడు అని టీచరమ్మ కూతురు లెక్కపెడుతోంది. పది దాటేసరికి గుడ్డ కింద ఏదో ఉబ్బింది, చురచురమంది, గుప్పున పొగ. గుడ్డ లాగి చూస్తే నా పేరు, మా హెడ్‌మాస్టరు సంతకం కలిసి ముడుచుకుపోయి గోధుమరంగు అప్పడంలా ఉన్నాయి. నవ్వుదామనుకున్నాను గానీ, నా పేరున్న చోటును వేలితో వెతుక్కున్నాను.

కిటికీలన్నీ తెరిచాం. వాసన మాత్రం మెట్ల వైపే వెళ్ళింది. బెల్లు మోగింది. రెండో అంతస్తు వదినగారు. టీచరమ్మ కంగారులో ఆ కాలిన కాగితం చేతిలో ఉండగానే వెళ్ళి తలుపు బెత్తెడు తెరిచింది. ఏం లేదండీ, ఏం లేదండీ అని మూసేసింది. వదినగారికి కనబడింది మాడిన సర్టిఫికెట్, చెమట పట్టిన టీచరు, మూసుకున్న తలుపు. మిగతాది ఆవిడే అల్లుకుంది. ఇదీ ఆ పొగ కథ. కాలింది నాది.

రెండోసారి ఆ పిల్ల ఈతలో తెచ్చుకున్న ప్రశంసాపత్రం మీద చూశాడు. పట్టుచీరకు పెట్టే వేడి పెట్టాడు. పొర మెత్తబడి ఊడివచ్చింది, కాగితం నిలిచింది. ఇక అసలుది.

టీచరమ్మ సర్టిఫికెట్ తీసుకొచ్చి బోర్లా పెట్టింది. ముఖం తువ్వాలు వైపు, వీపు మా వైపు. ఇంత కష్టపడుతున్నాను, ఆ డిగ్రీ ఎలా ఉంటుందో చూద్దామని నేను ఒక మూల పట్టుకుని ఎత్తబోయాను. ఆమె అరచెయ్యి వచ్చి దాని మీద పడింది. “వెనకవైపే కదండీ పని,” అంది. గట్టిగానే అంది. నేను చెయ్యి తీసేశాను గానీ మనసు తీయలేకపోయాను. నిజం చెప్పుకోవాలి కదా, వదినగారికి వచ్చిన అనుమానం ఆ గదిలో నాకే ముందొచ్చింది. చూపిస్తే ఏం పోతుంది? అందులో ఏముంది?

ఇస్త్రీ తమ్ముడు పెట్టె ఆనించి, తీసి, మూల నుంచి పొర లేపడం మొదలుపెట్టాడు. పైకి లాగడం కాదు, వెనక్కి మడిచి, బల్లకు ఆనుకుంటూ లాగుతున్నాడు. వేలెడు, జానెడు. ఫ్యాను ఆపేశాం. వాడి ముక్కు చివరి చెమటచుక్క కాగితం మీద పడుతుందేమోనని నేను కొంగుతో తుడుస్తున్నాను. సగం దాకా నున్నగా వచ్చింది. అక్కడ కాగితం నూగులా లేచి ప్లాస్టిక్‌తో పాటు రావడం కనబడింది. వాడు ఆగిపోయాడు. అటువైపు ఏముంది టీచరుగారూ, అని అడిగాడు. యూనివర్సిటీ ముద్ర, సంతకం, అంది ఆమె. వాడు పొర వదిలేసి చేతులు వెనక్కి తీసుకున్నాడు.

“ఇక నా వల్ల కాదమ్మా. చిరిగితే నేను మీ మొహం చూడలేను,” అన్నాడు.

టీచరమ్మ కుర్చీ జరుపుకుని కూర్చుంది. ఊడిన చోటు నుంచి కాకుండా రెండో మూల నుంచి ఎదురుగా రావచ్చా అని అడిగింది. రావచ్చన్నాడు. పెట్టె వాడు పట్టుకున్నాడు, పొర ఆమె పట్టుకుంది. అటు నుంచి మొదలుపెట్టి, నూగు లేచిన చోటికి వచ్చేసరికి గోటికొన కింద బ్లేడు పెట్టి, ఒక్కో పోగునూ కాగితం వైపుకు అదుముతూ వచ్చింది. పిల్ల లెక్కపెట్టడం మానేసింది. ఎంతసేపో నాకు తెలియదు. కింద ఎవరో హారన్ కొడితే నలుగురం ఉలిక్కిపడ్డాం. చివరికి పొర మొత్తం ఆమె చేతిలోకి వచ్చేసింది. ఒక మూల బియ్యపుగింజంత చిరుగు. మధ్యలో ఒకచోట కాగితం ఉల్లిపొరలా పలచబడింది. అంతే.

ఆ అంతే చాలు వాళ్ళు వద్దనడానికి. మర్నాడు నేనూ వెంట వెళ్ళాను, తోడుకని చెప్పాను, చూడాలని వెళ్ళాను. కిటికీ అవతలి ఆయన సర్టిఫికెట్ ముఖం తన వైపుకు తిప్పుకుని వెలుగుకు పట్టి చూశాడు, నాకు వీపే కనబడింది. పలచబడ్డ చోట వెలుగు ఎక్కువ పడుతోంది. ఆయన లేచి లోపలికి వెళ్ళి పెద్దాయన్ను తీసుకొచ్చాడు. పెద్దాయన అద్దాలు నుదుటి మీదికి నెట్టి ఆ చిరుగును వేలితో తడిమాడు. దీన్ని ఎవరు తీశారని అడిగాడు. నేనూ, మా ఇస్త్రీ ఆయనా, అంది. ఆయన నవ్వలేదు. కాగితం బోర్లించి, పలచటి చోటు తప్పించి, పక్కన ముద్ర కొట్టాడు. ఆ చప్పుడుకు టీచరమ్మ కిటికీ గట్టును పట్టుకుంది.

అన్నీ జతచేసి వీసా ఆఫీసులో ఇచ్చేసరికి ఇంకా పన్నెండు రోజులున్నాయి. పది రోజుల్లో చెప్తామన్నారు. పదో రోజు ఏమీ రాలేదు. పదకొండోదీ గడిచింది. వాళ్ళ హాల్లో రెండు పెట్టెలు సర్ది ఉన్నాయి. ఆ పిల్ల ఒక పెట్టె మీదే పుస్తకం పెట్టుకుని లెక్కలు చేసుకుంటోంది. తల్లి ఎప్పటిలాగే స్కూలుకు వెళ్ళి వస్తోంది. ఈలోపు ఇద్దరు తల్లులు ప్రిన్సిపాలు దగ్గరికి వెళ్ళి, చదువే లేని మనిషితో మా పిల్లలకు చదువు చెప్పిస్తారా అని అడిగొచ్చారు. ఆ సంగతి టీచరమ్మకు తెలుసు. నాకు తెలుసని కూడా తెలుసు. మెట్ల మీద ఎదురైతే కూర వండారా పిన్నిగారూ అని అడిగేది.

గడువు చివరి రోజు పొద్దున పది దాటాక ఆమె ఫోనుకు మెసేజి వచ్చింది. వీసా వచ్చింది, రెండేళ్ళకు. స్టాఫ్ రూములో కూర్చుని నాలుగుసార్లు చదువుకుని, మొదట కూతురికి, తర్వాత ఇస్త్రీ దుకాణానికి, ఆ తర్వాత నాకు ఫోను చేసింది. మూడోదాన్ని అయినందుకు నాకు కొంచెం కోపం వచ్చిన మాట నిజం.

వీసా వస్తే నోళ్ళు మూతపడతాయనుకున్నాను. పడలేదు. అది కాల్చేసి ఇంకొకటి కొని తెచ్చుకుందంటున్నారు. వదినగారికి కాలింది నాదని చెప్పాను. మీరు మంచివాళ్ళు వదినగారూ, ఆమె కోసం అలాగే అంటారులే, అంది.

ఎనిమిదో తేదీన ఆ పిల్లను పరీక్షకు దింపి, హాలు బయట పిట్టగోడ మీద మేమిద్దరం కూర్చున్నాం. లోపల గంట కొట్టారు. పిల్ల లోపల ఉంది, వీసా చేతిలో ఉంది, ఇక ఆమెకు ఎటూ తప్పించుకునే దారి లేదు. గొంతులో ముల్లులా ఉన్నదాన్ని కక్కేశాను.

“అమ్మాయ్, కోపం తెచ్చుకోకు. నా కాగితం తగలబెట్టుకున్నాను, నీ వెంట కిటికీల దగ్గర నిలబడ్డాను. ఆ సర్టిఫికెట్ నిజమైనదేనా? అయితే ఆ రోజు నన్నెందుకు చూడనివ్వలేదు? ఊళ్ళో మాటకు నేను జవాబు రాద్దామనుకుంటున్నాను, తెలియకుండా ఏం రాయను?”

ఆమె చేతిలో నీళ్ళసీసా మూత రెండుసార్లు తిప్పింది. తల వంచుకునే అంది.

“నిజమైనదే పిన్నిగారూ. థర్డ్ క్లాసు. మీ ముందు సిగ్గేసి బోర్లా పెట్టాను. రాయండి, అది కూడా రాయండి. డబ్బు పోసి దొంగ సర్టిఫికెట్ కొనుక్కునేవాళ్ళు ఎక్కడైనా థర్డ్ క్లాసు కొనుక్కుంటారా?”