విరిగిన సుద్దముక్క

ముసురు పట్టిన మధ్యాహ్నం, మిర్యాలగూడ నుంచి కోదాడ వెళ్లే బస్సు ఉయ్యాలలా ఊగుతోంది. ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని, పగులున్న పోత ఇనుప షాఫ్ట్ కడ్డీ బొమ్మను తెరమీద మెలితిప్పుతున్నాను. తెరనిండా ఒత్తిడిని చూపే ఇంద్రధనుస్సు రంగులు. మూడు నెలలుగా ఆ లెక్క ల్యాబ్‌లో విరిగిన షాఫ్ట్‌తో కలవడం లేదు.

పక్కసీటులో, ఒంటినిండా తవుడు వాసనతో ఉన్న రైస్‌మిల్లు ఫిట్టర్ తొంగిచూశాడు.

"పగులు అడ్డంగ గీసినవేంది బిడ్డా?"

నాకు చిర్రెత్తింది. "అదంతే తాతా," అన్నాను.

ఆయన గుర్తులు పెట్టుకునే సుద్దముక్కను జేబులోంచి తీసి, తడిబట్ట పిండినట్టు మెలితిప్పాడు. అది ఏటవాలుగా విరిగింది.

"సూడు. మెలేస్తే గిట్లనే ఇరుగుతది."

ఒక ముక్క నా అరచేతిలో పెట్టి హుజూర్‌నగర్‌లో దిగిపోయాడు. బస్సు కోదాడ చేరేలోపే పగులును ఏటవాలుగా గీసి చూశాను; లెక్క కలిసింది.

ఇప్పటికీ ఏ లెక్క మొదలుపెట్టినా ముందు ఒక సుద్దముక్క మెలితిప్పుతాను. నా కీబోర్డు ఎప్పుడూ తెల్లగానే ఉంటుంది.