డేరా తాడు రెండో కొస

నా చిన్నప్పుడు, అంటే రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, అమరచింతలో మా పక్కిల్లే టెంట్‌హౌస్. దాన్ని నడిపే ముసలాయనను నేనూ తాతా అనే పిలిచేదాన్ని. మా ఇంట్లో తెలుగు, వాళ్లింట్లో ఉర్దూ. ఆయన మనవరాలూ నేనూ ఆరో తరగతి. ఒకరిని విడిచి ఒకరం ఉండేవాళ్లం కాదు.

బడిలో మన భాషల మీద ఉపన్యాస పోటీ పెట్టారు. అసలే నాకు నోరెక్కువ. ఏదో గైడులో ఉర్దూ అనే మాటకు దండు అని అర్థం కనిపించింది. ఇంకేం, అది దండుతో వచ్చిన పరాయి భాష అని రాసుకుని, పోటీకి వారం ముందే మా ఇంటి అరుగెక్కి గట్టిగా చదివాను. నా స్నేహితురాలు విన్నది. "గట్లయితే మేం బయటోళ్లమా?" అని లేచిపోయింది. మూడు రోజులు మాటల్లేవు. పుస్తకంలో ఉన్నదే కదా చెప్పాను అని పైకి బింకంగా తిరిగాను గానీ, బడికి ఒక్కదాన్నే నడుస్తుంటే ఏడుపొచ్చేది.

ఆదివారం నాడు వీధిలో పెళ్లికి తాత షామియానా వేస్తూ నన్ను పిలిచి ఒక తాడు చేతికిచ్చాడు. నేను లాగితే గుంజ నా వైపే ఒరిగింది. "అవతలి తాడు ఎవరు పట్టుకుంటరు? పోయి దాన్ని పిల్చుకరా," అన్నాడు. పనివాళ్లు పక్కనే చాయ్ తాగుతూ కూర్చున్నారు. వాళ్లను పిలవడే! గడుసు ముసలాయన. సిగ్గు చంపుకుని వెళ్లి పిలిచాను. ఆమె మూతి ముడుచుకునే వచ్చి తాడు పట్టుకుంది.

ఇద్దరం వదల్లేకుండా నిలబడ్డాక తాత మొదలుపెట్టాడు. "నీ పుస్తకం తప్పు కాదు బిడ్డా. ఉర్దూ అంటే దండు దిగిన తావు, డేరా. మరి డేరాల సిపాయిలే ఉంటరా? వండేటోడు, కుట్టేటోడు, ఉప్పమ్మేటోడు ఉండరా?" ఆ పేరు బాద్షాల విడిదికీ, ఆ తర్వాత ఢిల్లీ నగరానికీ ఉండేదట. అక్కడ మాట్లాడే భాషకూ చివరికి అదే నిలిచిందట. "పేరే తుర్కీ మాట, దూరంకెళ్లి వచ్చింది. భాష ఈ దేశంలనే పుట్టింది," అన్నాడు.

నా అరచేతులు మండుతున్నాయి. "తప్పైందే," అన్నాను.

"జర గట్టిగ పట్టు, పడ్తది," అంది ఆమె. మూడు రోజుల తర్వాత నాతో అన్న మొదటి మాట అది. నాకు ప్రాణం లేచొచ్చింది.

పోటీ రోజు ఉపన్యాసం మార్చి చదివాను. బహుమతి రాలేదు. బడికి మాత్రం మళ్లీ ఇద్దరం కలిసే వెళ్లాం.

ఇప్పుడు నేను వనపర్తిలో టీచరును. ఏదైనా మాటకు అర్థం దొరికిందని పిల్లలు సంబరపడుతూ వస్తే, ఆ మాట మాట్లాడే వాళ్లింటికి ఒకసారి వెళ్లి అడిగి రమ్మంటాను. నేనైతే అడక్కుండానే అరుగెక్కి అరిచినదాన్ని.