వేలం ఇంటి గడపలో ఏడుకొండలు మామ నిద్ర

చుట్టుపక్కల ఎవరి ఇల్లయినా వేలానికి వచ్చిందని చెవిన పడితే చాలు, మా ఏడుకొండలు మామకు నిద్ర ముంచుకొచ్చేది. సొంత ఇంట్లో కాదు. ఆ వేలానికి వచ్చిన ఇంట్లోనే, తలవాకిలి గడపకు అడ్డంగా గొంగడి పరుచుకుని పడుకోవాలి. గొర్రెలు మేపుకుంటూ కొండల్లో ఎక్కడ పడితే అక్కడ నిద్రపోయిన మనిషి కదా, పాత అలవాటనుకునేవాళ్లం. నేను మార్కాపురంలో ఒక వకీలు గారి దగ్గర గుమస్తాను. వేలం ఆపమనే కోర్టు కాగితాలు పట్టుకుని ఏ ఊరు వెళ్లినా నాకంటే ముందు అక్కడ ఈయన గురక ఉండేది. మా బంధువని చెప్పుకోవాలంటే తల కొట్టేసినట్టయ్యేది.

పడుకున్న మనిషిని దాటకూడదని మా వైపు గట్టి పట్టింపు. వేలం పాట పాడటానికి వచ్చినవాళ్లు లోపల గదులు చూడాలంటే ముందు మామను లేపాలి. లేపితే ఆయన ఊరికే లేవడు, కల చెప్తాడు. అవి పీడకలలైతే తిట్టి పంపేవాళ్లే. కానీ ఎంతో మెత్తగా, వినేవాడు నోరు తెరిచి నిలబడిపోయేలా ఉండేవి.

గిద్దలూరులో ఒక మేడ వేలంలో ఇలాగే కళ్లు నులుముకుంటూ లేచి కూర్చున్నాడు.

"బయట ఎండ కాస్తా ఉంది నాయనా. ఇంట్లో మాత్రం సన్నగా వాన. గోడలు తడవలే, బియ్యం తడవలే. మనిషి ఒక్కడే తడస్తా ఉండాడు."

"ఎవరు పెద్దాయనా ఆ మనిషి?" అన్నాడు కొనడానికి వచ్చిన ఆసామి.

"మొగం కనపడలే. చొక్కా మాత్రం చారల చొక్కా."

ఆసామి తన చొక్కా వైపు చూసుకుని, బస్సు టైమైందని వెళ్లిపోయాడు.

కొనకనమిట్లలో అయితే ఆయన కలలో ఇల్లే లేచి, చూరు సర్దుకుని, నల్లమల వైపు నడిచి వెళ్లిపోయింది. "ఏడికి పోయింది?" అని అడిగితే, "తెలిసినోళ్ల కాడికి," అన్నాడు. అక్కడా ఆ పూట పాట సాగలేదు.

బ్యాంకుల వేలాలు ఫోనుల్లోకి ఎక్కాక మామకు దిగులు పట్టుకుంది. "గడప లేని వేలమేంది అల్లుడూ? ఏడ పడుకోవాల?" అని నన్ను నిలదీశాడు.

"ఇంట్లో మంచం లేదా మామా?"

"మంచం మీద నిద్ర పట్టదురా."

ఇలా ఉండగా పెద్దారవీడులో ఎర్రయ్య, చెంచమ్మల ఇల్లు వేలానికి వచ్చింది. ఎర్రయ్యది పలకల వ్యాపారం. పిల్లలు పలకలు మాని నోటు పుస్తకాలు పట్టాక అది కుదేలైంది. అప్పిచ్చినవాళ్లలో ఒకడు కోర్టులో డిక్రీ తెచ్చి ఇంటి మీద పడ్డాడు. దివాలా పిటిషను, అదే ఐపీ, పెట్టమని మా వకీలు గారు ఎంత చెప్పినా ఎర్రయ్య వినలేదు.

"ఐపీ పెట్టినోని పెండ్లామని దీన్ని నలుగురూ ఏలెత్తి చూపాల్నా?" అన్నాడు.

చివరికి చెంచమ్మే తేల్చేసింది. "చూపనీ. చూపాలన్నా మన ఇంటికాడికి రావాల గదా. ముందు ఇల్లుండనీ."

ఎర్రయ్య సంతకం పెట్టేసరికి వేలం మర్నాటికి వచ్చేసింది. బ్యాంకు తాకట్టయితే ఐపీ పప్పులు ఉడకవు గానీ, ఇది తాకట్టు లేని నోటు అప్పు. పాట ముగిసేలోపు కోర్టు ఉత్తర్వు చేరితే ఇల్లు కోర్టు నియమించే రిసీవరు చేతికి వెళ్తుంది. అప్పులవాళ్లందరితో కూర్చుని రాజీ మాట్లాడుకోవచ్చు. పాట ముగిశాక చేరితే ఇల్లు కొన్నవాడిదే. మర్నాడు జడ్జి గారు మా పిటిషను విని ఉత్తర్వు ఇచ్చేసరికి పొద్దెక్కింది. అక్కడ వేలం డప్పు మోగే ఉంటుందని, మోటారు సైకిలు మీద దారి పొడవునా దేవుళ్లకు మొక్కుతూనే వెళ్లాను.

వెళ్లేసరికి ఇంటి ముందు జనం. గడపకు అడ్డంగా ఏడుకొండలు మామ. పందిరి నీడ పక్కకు జరిగిపోయి ఎండ నేరుగా ఆయన ముఖం మీద పడుతోంది. దర్శి నుంచి పాట పాడటానికి వచ్చిన విజయ్ కుమార్ తల పట్టుకుని, వేలం జరపాల్సిన కోర్టు అమీనుతో మొరపెట్టుకుంటున్నాడు.

"మళ్లా పడుకున్నాడు సార్. ఈ ఇంట్లో నేను అన్నం తింటా ఉండానంట ఆయన కలలో. వడ్డించేది ఎవురంటే, ఇంగోసారి నిద్రపోతే గాని తెలవదంటాడు."

"దాటిపోండి, ఏమవుతుంది?" అన్నాడు అమీను.

"మీరు ముందు దాటండి సార్. మీ ఎనకనే వస్తా."

అమీను తన కాళ్ల వైపు చూసుకున్నాడు. నేను వెళ్లి ఉత్తర్వు ఆయన చేతిలో పెట్టాను. చదివి, వేలం ఆగిపోయిందని చెప్పించాడు. అందరికంటే ముందు విజయ్ కుమారే బండెక్కాడు, బతికిపోయినా అంటూ.

"మామా, ఇంక లే," అని భుజం పట్టుకోబోతే చెంచమ్మ అడ్డొచ్చింది.

"లేపొద్దు నాయనా. తెల్లారి వచ్చినప్పటి నుంచి ఒక్క కునుకు తీయలే. కండ్లు మూసుకోనే, నేను పక్కకొస్తే చాలు, 'కాగితం వచ్చెనా చెల్లా' అని అడగతా ఉండాడు. నువ్వు బండి దిగినాకనే నిద్రపోయినాడు."

నేను చేయి వెనక్కి తీసుకుని ఆయన పక్కనే కూర్చున్నాను. మా ఆఫీసు కాగితాలు ఎప్పుడూ ఆలస్యంగానే బయల్దేరేవి, ఎప్పుడూ వేళకే చేరేవి. అదంతా మా వకీలు గారి గొప్పతనమని ఇన్నాళ్లూ ఊరంతా చెప్పుకు తిరిగాను. ఎర్రయ్య లోపల్నుంచి గొడుగు తెచ్చి మామ ముఖం మీద నీడ పడేలా పట్టుకుని నిలబడ్డాడు. ఆ మధ్యాహ్నం ఎంత హాయిగా ఉందో చెప్పలేను. ఆ ముసలాయన మీద నాకు ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది.

ఎండ చల్లబడ్డాక మామ లేచి కూర్చున్నాడు. చెంచమ్మ బెరుకుగా దగ్గరికి వచ్చింది.

"అన్నా, మా ఇంట్లో ఏం కల వచ్చింది?"

మామ గొంగడి దులుపుతూ కాసేపు గుర్తు చేసుకున్నాడు.

"ఏమీ రాలేదు చెల్లా. ఊరికే నిద్ర పట్టింది."

"అది చాలన్నా," అంది చెంచమ్మ. లోపలికి వెళ్లి ఎసట్లో మా ఇద్దరికీ కూడా బియ్యం పోసింది.