బువ్వకు పిలిచిన డప్పు

నా చిన్నప్పుడు మా ఊళ్లో డప్పు మోగిందంటే అది ఏ కబురో దరువు వినగానే తెలిసిపోయేది. చాటింపుకు ఒక దరువు, పెళ్లికి ఒకటి, చావుకు ఇంకొకటి. ఇంట్లో పని చేసుకుంటూనే ఆడవాళ్లు సంగతి పసిగట్టేవారు. లోకంలో అందరి చెవులూ మా చెవుల్లాంటివేనని మేం అనుకునేవాళ్లం.

మాది డోర్నకల్ దగ్గరి పల్లె. రైలు పట్టాల కింద పోసే కంకర కొట్టడానికి ఒరిస్సా నుంచి కొన్ని కుటుంబాలు వచ్చి వాగు ఒడ్డున గుడిసెలు వేసుకున్నాయి. ఆ వానాకాలం వాగు పొంగి గుడిసెలన్నిటినీ ఊడ్చుకుపోయింది. పాపం, ప్రాణాలు తప్ప ఏమీ దక్కలేదు. వాళ్లు రైలు కట్ట మీదకెక్కి తాటాకుల చాటున తలదాచుకున్నారు. ఊరి వాళ్లు తలా ఇంత బియ్యం పోసి వాళ్ల కోసం బడిలో వంట పెట్టించారు. పెత్తనం మా బాపుది. మేం నాన్నను బాపు అని, అమ్మను అవ్వ అని పిలిచేవాళ్లం.

వంట కాగానే బాపు డప్పు కొట్టించి, అందరూ బువ్వకు రావాలని చాటించాడు. కట్ట మీది నుంచి ఒక్కరూ కదల్లేదు. మరునాడు, ఆ మరునాడు ఇంకా గట్టిగా కొట్టించాడు. ఆ చప్పుడుకు వాళ్లు బయట ఉన్న పిల్లలను కూడా లోపలికి లాక్కున్నారు. చివరికి బాపే వెళ్లి తెలుగులో అరిచి, చేతులూపి, గొంతు పోగొట్టుకుని వచ్చాడు. ఎదుటివాడికి అర్థం కాకపోతే అది చెవుడేనని మా బాపు గట్టి నమ్మకం. మా అవ్వ గంపలో అన్నం పంపితే, మూత కూడా తీయకుండా దండం పెట్టి తిప్పి పంపారు.

"కూడు పెడ్తమంటే గింత పొగరేంది!" అని బాపు అలిగి కూర్చున్నాడు. అవ్వకు మాత్రం మనసు నిలవలేదు. వాళ్లలో ఒక పచ్చి బాలింత ఉంది. తల్లికి తిండి లేకపోతే పసిగుడ్డుకు పాలెక్కడివని ఒకటే గునిసింది.

అప్పుడు మా పక్కింటి గాజులమ్మే ఖాలా లేచింది. ఉర్దూలో పిన్నిని ఖాలా అంటారు. ఇంట్లో ఉర్దూ, వాకిట్లో తెలుగు మాట్లాడే మనిషి. గాజుల మలారం భుజానికేసుకుని కట్ట మీదికి నడిస్తే, నేనూ వెంటపడ్డాను. ఆమె ఎవరినీ పిలవలేదు. నేరుగా ఆ బాలింత పక్కన చతికిలబడి, చేయి అందుకుని, గాజులు తొడిగేటప్పుడు పట్టినట్టే వేళ్ల కణుపులు మెల్లగా నొక్కి, పచ్చ గాజులు ఎక్కించింది. ఆ పిల్ల మొహంలో నవ్వు చూశాకే నోరు విప్పింది. వాళ్లలో ఒక ముసలామెకు కాస్త హిందీ వచ్చు. ఖాలా తన ఉర్దూను చిన్న చిన్న ముక్కలు చేసి అడిగింది. అన్నానికి ఎందుకు రాలేదని కాదు, ఆ డప్పు మీకేమని వినిపిస్తుందని.

ముసలామె కళ్లనీళ్లు పెట్టుకుంది. వాళ్లు ఈ ఊరొచ్చిన కొత్తలో ఆ డప్పు ఒక పాడె ముందు మోగుతూ పోయిందట. ఇప్పుడు రోజూ మధ్యాహ్నం మోగుతోంది. వరద తర్వాత ఊళ్లో ఏదో రోగం పడి రోజుకొకరు పోతున్నారనీ, ఆ ఇళ్ల తిండి ముడితే పసిబిడ్డకు ముప్పనీ వాళ్ల భయం. మా మీద జాలి కూడా పడుతున్నారు! తెల్లవారితే బాలింతను తీసుకుని ఆ పారే వాగు దాటి డోర్నకల్ స్టేషనుకు పోదామని సిద్ధపడ్డారు.

ఖాలా నుదురు కొట్టుకుని నవ్వింది. "యా అల్లా! మీ బాపు దినాం ఒకల్ని పాడె ఎక్కిస్తున్నడే బిడ్డా!"

అది చావుడప్పు కాదు, బువ్వకు పిలుపని ముసలామెకు నచ్చజెప్పి, రేపటిదాకా ఆగమంది. తర్వాత, మీకు మంచి కబురు ఎట్లా వినిపిస్తుందని అడిగింది. ముసలామె నాలుక అటూ ఇటూ ఆడిస్తూ గొంతులోంచి ఒక వింత కూత తీసింది. వాళ్ల పెళ్లిళ్లలో, పూజల్లో ఆడవాళ్లందరూ అట్లా కూస్తారట.

మరునాడు డప్పు మోగలేదు. బడి ముందు ఖాలా, అవ్వ, ఇంకా పదిమంది ఆడవాళ్లు నిలబడి ఆ కూత మొదలుపెట్టారు. ఖాలాకు కొంత కుదిరింది. మా అవ్వది కోళ్లను అదిలించినట్టుంది. మొదట కట్ట మీద పకపకా నవ్వులు వినిపించాయి, తర్వాత అసలైన కూత బదులొచ్చింది, ఆ వెనుకే మనుషులు వచ్చారు. బాలింత బిడ్డనెత్తుకుని అందరికన్నా చివర వచ్చింది. అలక మరచిన బాపు తానే వడ్డించాడు. ఆమె పళ్లెంలో మాత్రం, "జర ఇంకింత పెట్టుకో తల్లీ" అంటూ కుప్ప పోశాడు. ఆ మాటకు ఆమెకు ఎవరూ అర్థం చెప్పాల్సిన పని పడలేదు.

నాకిప్పుడు మనవళ్లున్నారు. ఎవరైనా నా మాట వినకపోతే, బాపు రక్తం కదా, ముందు గొంతే లేస్తుంది. అంతలో ఖాలా చేయి నా వేళ్ల కణుపులు నొక్కినట్టుంటుంది. అరవడం మాని, పక్కన కూర్చుని, నేనన్నది నీకేమని వినిపించిందని అడుగుతాను. చాలాసార్లు నేను బువ్వకే పిలిచి ఉంటాను. వాళ్లకు చావుడప్పు వినిపించి ఉంటుంది.