వంతెన మీద చోటు

మా వై.ఎన్.హొసకోటలో బస్సెక్కి రాష్ట్రం సరిహద్దు దాటితే గానీ మాకు రైలు దొరకదు. దాటి వెళ్ళినా, అది ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో ఆ స్టేషన్లో చెప్పే దిక్కు లేదు. బోర్డు వెలగదు. టికెట్లిచ్చే ఆయన్ను అడిగితే "మైకులో చెప్తారు, వినండి" అని విసుక్కున్నాడు. ఆ మైకు నోరు విప్పేసరికి ఇంజను కనబడుతూనే ఉంది. అదీ అవతలి ప్లాట్‌ఫారానికట!

బ్యాగు భుజాన వేసుకుని, అందరినీ తిట్టుకుంటూ వంతెన మెట్లెక్కాను. పైన నట్టనడుమ, మండే ఎండలో, ఒక అవ్వ మూట పక్కన పెట్టుకుని కూర్చుని ఉంది.

"ఏందవ్వా, దావకు అడ్డంగా కూచున్నావు?" అని కసిరాను.

"మోకాళ్ళ నొప్పులప్పా. మైకు చెప్పినాక ఎక్కలేక రెండుసార్లు రైలు తప్పిపోయినాది. ముందే ఎక్కి కూచుంటే, యా పక్కకొచ్చినా దిగేదే కదా!"

కొంగు నెత్తిమీదికి లాక్కుంటూ, "మా వల్లూరులో సోలార్ ప్యానళ్ళ కింద గొర్రెలకైనా నీడ ఉండాది. ఈడ మనిషికి లేదు" అంది.

నా చెయ్యి పట్టుకుని ఒక్కో మెట్టూ దిగింది. ఇద్దరికీ రైలు అందింది.

పోయిన నెల మళ్ళీ ఆ స్టేషన్‌కు వెళ్ళాను. రెండు ప్లాట్‌ఫారాల మీదా కొత్త స్టీలు బెంచీలు వేశారు, పైన రేకుల నీడ కూడా. బోర్డు మాత్రం ఇంకా వెలగలేదు. బెంచీల మీద ఒక్క మనిషీ లేడు.

వంతెన ఎక్కాను. పైన కూర్చోవడానికి చోటు మిగల్లేదు.